చేతి కాగితం కొలాజ్‌లో గరుకు, ముడతలు, నార కనబడేలా చేయడం ఎలా

మా హాల్లో గోడకి ఒక కొలాజ్ ఉంది, అంటే ఇంట్లో చేత్తో తీసిన కాగితం ముక్కల్ని అతికించి చేసిన బొమ్మ. దాని దగ్గరికి వచ్చినవాళ్లు ముందు చేత్తో తడుముతారు, తర్వాత అడుగుతారు: “ఈ గరుకు ఎలా వచ్చిందండీ, పైన ఏం పూశారు?” పైన ఏమీ పూయలేదు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే పని అవుతుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. టెక్స్చర్, అంటే చేతికి తగిలే ఈ గరుకు, కాగితం తడిగా ఉన్నప్పుడే పుట్టాలి. ఆరిపోయిన నున్నటి కాగితం తెచ్చి దాని మీద ఫెవికాల్ గుట్టలు పోసినా, రంగు దట్టంగా రాసినా అది అతికించినట్టే ఉంటుంది. నేనూ కొన్ని నెలలు అలాగే చేశాను. ఒక వానాకాలం తడి కాగితాలు ఆరేయడానికి ఇంట్లో చోటు లేక రెండింటిని చేట వెనకవైపు పరిచి వదిలేశాను. మర్నాడు మా పక్కింటి పిన్నిగారు చేట కోసం వచ్చి, “ఇదేటమ్మా, కాయితం మీద చేట అచ్చు దిగిపోనాది!” అన్నారు. కాగితం తీసి కిటికీ దగ్గర పెడితే వెదురు బద్దల అల్లిక మొత్తం, ఒక బద్ద విరిగిన చోటుతో సహా, కనబడుతోంది. అప్పటినుంచి నా పద్ధతి మారిపోయింది.

ఏమేం కావాలంటే

పాత కాగితాలు: ఒకవైపు వాడేసిన ప్రింటౌట్లు, నోటుపుస్తకాలు. ఏ4 సైజువి పది కాగితాలు తూకానికి 50 గ్రాములు వస్తాయి, వాటితో అదే సైజులో ఏడెనిమిది చేతి కాగితాలు అవుతాయి. మెరిసే మ్యాగజైన్ కాగితం వద్దు. న్యూస్‌పేపర్ కూడా తక్కువే వాడండి, పోగులు పొట్టి, పైగా కొన్నాళ్లకు పసుపుపచ్చగా మారిపోతుంది.

నార: మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో గోగునార దొరుకుతుంది. సంతలో తాళ్లు అమ్మేవాళ్లని అడిగినా గుప్పెడు ఇస్తారు. లేకపోతే అరటి బోదె పొరల్లోంచి తీసిన నార. అదీ దొరక్కపోతే పాత గోనెసంచి పోగులు ఊడదీయండి. సంచి నారకి మిల్లులో నూనె పట్టించి ఉంటారు కాబట్టి దాన్ని తప్పకుండా ఉడకబెట్టాలి.

చట్రాలు రెండు, ఒకే సైజువి. ఒకదానికి దోమల జాలీ బిగుతుగా లాగి మేకులు కొట్టించండి, రెండోది ఖాళీగా ఉండాలి. వడ్రంగి దగ్గరికి వెళ్లే తీరిక లేకపోతే పాత ఫొటో ఫ్రేములు రెండు చాలు.

ఇంకా: చట్రం పడుకోబెడితే పట్టేంత వెడల్పాటి టబ్బు, వంటకి వాడని మిక్సీ జారు, స్పాంజి, పాత నూలు గుడ్డలు (ఖద్దరు అయితే మరీ మంచిది, నీళ్లు బాగా పీలుస్తుంది), చెక్క పలకలు రెండు, నాలుగు ఇటుకలు. జిగురుకి మైదా, కొంచెం ఫెవికాల్. అడుగున వేయడానికి గట్టి అట్ట లేదా పల్చటి ప్లైవుడ్.

అచ్చు తీయడానికి: చేట, తుంగచాప, ఎండిన బీరకాయ పీచు, జల్లెడ, ముతక గోనెగుడ్డ. ఇవేవీ కొనక్కర్లేదు. వంటింట్లో, పెరట్లో ఒక్కసారి చూడండి చాలు.

1. కాగితాన్ని గుజ్జు చేయడం

కాగితాలను రూపాయి బిళ్ల సైజులో చింపి (కత్తెరతో కోయకండి, చింపితే పోగులు విడతాయి) రాత్రంతా నానబెట్టండి. పొద్దున గుప్పెడు గుప్పెడుగా తీసి, జారులో ముప్పావు వంతు నీళ్లు పోసి అరనిమిషం తిప్పండి. జారు నిండా కాగితం కుక్కితే మోటారు కాలుతుంది. నిమిషం దాటి తిప్పినా నష్టమే, పోగులు మరీ చిన్నవైపోయి కాగితం పెళుసుగా వస్తుంది.

సరిపోయిందో లేదో చూడటానికి గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక చెంచా గుజ్జు వేసి కలిపి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. మబ్బులా సమంగా పరుచుకుంటే సరే. ముక్కలు, గడ్డలు కనబడితే ఇంకో పది సెకన్లు తిప్పాలి.

పాత బట్ట ముక్కల్ని మాత్రం మిక్సీలో వేయకండి. నూలుగుడ్డతో కాగితం చేసేచోట దానికి వేరే యంత్రాలుంటాయి, ఇంటి మిక్సీలో వేస్తే బ్లేడుకి చుట్టుకుపోతుంది.

2. నార ఉడకబెట్టడం

నారని ముందు సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పొడుగు నార అందంగా ఉంటుంది కదా అని అలాగే గుజ్జులో కలిపితే జడలా మెలిపడి, చట్రం ఎత్తినప్పుడు ఒకచోట ముద్ద, ఒకచోట చిల్లు వస్తుంది. పొడుగు పోగులు కావాలంటే వాటిని విడిగా దాచుకోండి, నాలుగో మెట్టులో పైన పరుద్దాం.

100 గ్రాముల నారకి 20 గ్రాముల చాకలి సోడా వేసి, నార మునిగేలా నీళ్లు పోసి రెండు మూడు గంటలు సన్నటి సెగ మీద ఉడకనివ్వండి. స్టీలు గిన్నెలోనే సుమా. ఒకసారి ఇంట్లో స్టీలుది ఖాళీ లేదని సత్తు (అల్యూమినియం) గిన్నెలో పెట్టేశాను. సోడా సత్తుని తినేసి గిన్నె నల్లబడింది, నార బూడిదరంగుకి తిరిగింది, రెండూ పారేయాల్సి వచ్చింది. పెరట్లోనో డాబా మీదో పెట్టుకోండి, చేతికి రబ్బరు గ్లౌజులు వేసుకోండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కాస్టిక్ సోడా వాడొచ్చా అని కొందరు అడుగుతున్నారు. ఇంట్లో వద్దు, చేతులు కాలిపోతాయి.

ఒక పోగు తీసి రెండు వేళ్లతో నిలువునా లాగితే సులువుగా చీలాలి, అప్పుడు ఉడికినట్టు. దించాక నీళ్లు తేటగా వచ్చేదాకా ఐదారుసార్లు కడిగి, రోట్లో వేసి పావుగంట దంచండి. రోలు లేకపోతే బండ మీద చెక్కతో కొట్టినా సరే.

నార పని మరీ పెద్దదనిపిస్తే మొదటిసారి వదిలేయండి. ఒట్టి కాగితం గుజ్జుతోనే మొదలుపెట్టండి. చేట అచ్చుకి నార అక్కర్లేదు, ఆరో మెట్టులో చెప్పే తడి చింపుకీ నలుపుడుకీ మాత్రం నార లేకపోతే కుదరదు.

3. కాగితం తీయడం

టబ్బులో పది లీటర్ల నీళ్లు పోసి, కొంచెం గుజ్జు పక్కన ఉంచుకుని మిగతాదంతా, దంచిన నార ఉంటే అదీ వేసి చేత్తో కలపండి. జాలీ చట్రం మీద ఖాళీ చట్రం పెట్టి, రెండూ కలిపి పట్టుకుని, టబ్బు అంచు నుంచి ఏటవాలుగా నీళ్లలోకి దింపి, అడుగున పడుకోబెట్టి, తిన్నగా పైకి ఎత్తండి. నీరు కారుతుండగా ఇటూ అటూ, ముందుకీ వెనక్కీ ఒకసారి మెల్లగా కదపాలి. నీరు కారడం తగ్గగానే కదపడం ఆపేయండి, ఆ తర్వాత కదిపితే కాగితం చిట్లుతుంది. కుదరలేదా, చట్రం బోర్లించి గుజ్జుని మళ్లీ టబ్బులో కడిగేయండి. ఏమీ పోదు.

రెండు మూడు కాగితాలు తీశాక టబ్బులో గుజ్జు పల్చబడుతుంది, పక్కన ఉంచినదాంట్లోంచి గుప్పెడు కలుపుకుంటూ ఉండండి.

4. తడి మీదే టెక్స్చర్ ఇవ్వడం

అసలు పని ఇది. ఇక్కడ తొందరపడకండి.

చేట అచ్చు, చాప అచ్చు: పల్చటి కాగితానికి అచ్చు దిగదు, ఎత్తితే చిరుగుతుంది. అందుకే తడిగుడ్డ మీద ఒక కాగితం బోర్లించి, దాని మీదే రెండోది బోర్లించండి. తడిలో రెండూ ఒకటైపోతాయి, జిగురు అక్కర్లేదు. స్పాంజితో పైపైన నీరు లాగి, గుడ్డతో సహా ఎత్తి చేట వెనకవైపు బోర్లించి, గుడ్డ పైనుంచే స్పాంజితో గట్టిగా ఒత్తండి. రుద్దకూడదు, ఒత్తాలి. గుడ్డ మెల్లగా ఒక మూల నుంచి ఒలిచి, కాగితాన్ని చేట మీదే ఆరనివ్వండి. తడిగా ఉండగా తీసేస్తే ఆరేటప్పుడు ముడుచుకుని అచ్చు సగం పోతుంది. తుంగచాపకి గీతలు వస్తాయి, దున్నిన పొలానికో పాకల పైకప్పుకో అది బాగుంటుంది. బీరపీచుని నిలువుగా కోసి విప్పి పరిచి దాని మీద ఒత్తితే వల లాంటి అచ్చు, దానికి దగ్గరగా వచ్చేది ఇంకోటి నాకు దొరకలేదు.

నీటి చుక్కల జాలీ: కాగితం ఇంకా జాలీ మీద ఉండగానే చట్రాన్ని ఏటవాలుగా పెట్టి, వేళ్లు నీళ్లలో ముంచి అడుగు ఎత్తు నుంచి చిలకరించండి. చుక్క పడినచోటల్లా గుజ్జు పక్కకి జరిగి చిన్న చిల్లు పడుతుంది. కళ్లాపి చల్లే చేతివాటం ఉన్నవాళ్లకి మొదటిసారే వచ్చేస్తుంది. కుళాయి కింద పెట్టకండి, కాగితమే ఉండదు. ముందుగా గుడ్డ మీద నీలంరంగు కాగితం బోర్లించి ఉంచుకుని, ఈ చిల్లుల తెల్ల కాగితాన్ని దాని మీద బోర్లిస్తే సముద్రపు నురగ. కళింగపట్నంలో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నురగ ఎలా మిగులుతుందో గుర్తు తెచ్చుకోండి, పెద్ద కన్నాలు ఒడ్డువైపు, చిన్నవి లోపలికి. చిలకరించేటప్పుడూ అలాగే, ఒకవైపు పెద్ద చుక్కలు, పోను పోను సన్నవి.

పోగులు పరచడం: దాచిన పొడుగు గోగునార పోగుల్ని తడి కాగితం మీద ఒక్కొక్కటే పరిచి, పైన ఇంకో పల్చటి కాగితం బోర్లించండి. ఆరాక పోగు లోపలే ఉండి నరంలా ఉబ్బుతుంది. తాటిచెట్టు బోదెకి నేను ఇదే వాడతాను.

దూది మబ్బు: ఖద్దరు నేసే పొందూరు వెళ్లినప్పుడు వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూసే ఉంటారు. అలా దువ్వినట్టు దూదిని వెలుతురు కనబడేంత పల్చగా విడదీయాలి. దూదిని ముందు తడిపి, పిండి, అప్పుడు తడి కాగితం మీద ఒత్తండి. పొడి దూది అంటుకోదు, ఆరాక ఊడి వచ్చేస్తుంది.

ఊక, ఉల్లిపొట్టు, కొబ్బరి పొట్టు: గుజ్జులో కలపొచ్చు, కానీ పిడికెడు గుజ్జుకి చిటికెడే. ఎక్కువైతే పోగుకీ పోగుకీ పట్టు ఉండదు, కాగితం వంచగానే విరుగుతుంది. ఉల్లిపొట్టు ఉడకబెట్టి వేయండి, లేకపోతే తర్వాత చుట్టూ రంగు దిగి మరకలవుతాయి. బంతిపూల రేకులూ అంతే. సముద్రపు ఇసుక వాడేవాళ్లు నాలుగుసార్లు మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాలి. ఉప్పు మిగిలితే వానాకాలంలో చెమ్మ లాగుతూనే ఉంటుంది.

5. ఒత్తడం, ఆరబెట్టడం

అచ్చు తీసినవి చేట మీద, చాప మీద ఉన్నాయి కదా, వాటిని ముట్టుకోకండి. మిగతావాటిని గుడ్డల మధ్య పేర్చి, రెండు పలకల మధ్య పెట్టి, పైన ఇటుకలు బరువుగా పెట్టి గంటసేపు ఉంచండి. ఒకటి రెండు కాగితాల్ని మాత్రం అద్దం పలకకి అంటించి ఆరనివ్వండి. అద్దంవైపు నున్నగా వస్తుంది. కొలాజ్‌లో కంటికి కాస్త విశ్రాంతి ఇచ్చే చోట్లు ఉండాలి, వాటికి ఇవి. గరుకు పక్కన నునుపు ఉంటేనే గరుకు తెలుస్తుంది.

మంచి ఎండ రోజైతే నీడలో ఒక రోజు చాలు. నేరుగా ఎండలో పెడితే అంచులు ముందు ఆరి పైకి లేస్తాయి. వానల్లో మూడు రోజులు పడుతుంది, ఫ్యాను కింద పెట్టండి, గుడ్డలు రోజూ మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. ఆరిందో లేదో చూడటానికి కాగితాన్ని చెంపకి ఆనించుకోండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. చూపుకి ఆరినట్టే ఉంటుంది, చెంప మాత్రం అబద్ధం చెప్పదు.

6. చింపడం, నలపడం

కత్తెర పక్కన పెట్టేయండి. ఇంత కష్టపడి చేసిన కాగితాన్ని కత్తెరతో కోస్తే అంచు బోసిగా అయిపోతుంది.

తడి చింపు: బ్రష్షుని నీళ్లలో ముంచి కావలసిన ఆకారం గీయండి, అరనిమిషం ఆగండి, రెండు చేతులతో పక్కలకి లాగండి. అంచున పోగులు వెంట్రుకల్లా వేలాడతాయి. కొండలకి, మేకల ఒంటికి, పొగమంచుకి ఇది బాగుంటుంది. ఒట్టి ఆఫీసు కాగితం గుజ్జుతో చేసినదానికి ఇది రాదు, పోగు పొట్టి కదా.

పొడి చింపు: పైన రంగు వేసిన కాగితాన్ని చింపితే ఒక ముక్కకి తెల్లటి అంచు వస్తుంది, రెండోదానికి రాదు. కావలసిన ముక్కకి రాకపోతే చింపే చెయ్యి మార్చి, ఎదురుదిక్కున లాగండి. పాత కాగితం మీద నాలుగుసార్లు చేస్తే చేతికి పట్టుబడుతుంది.

ముడతలు: నార కలిపిన కాగితానికి పల్చటి గంజి రాసి ఆరనిచ్చి, ఉండలా నలిపి విప్పండి, మళ్లీ నలపండి, కనీసం పదిహేనుసార్లు. మొదట పెళపెళలాడుతుంది, తర్వాత మెత్తబడి బట్టలా అవుతుంది. రెండుసార్లు నలిపి ఆపేస్తే పారేసిన కాగితంలా ఉంటుంది తప్ప టెక్స్చర్‌లా ఉండదు. విప్పాక, దాదాపు పొడిగా ఉన్న స్పాంజికి కొంచెం రంగు అద్ది, పాత కాగితం మీద రెండుసార్లు తుడిచి, అప్పుడు ముడతల మీద పైపైన లాగండి. గట్టు మీదే రంగు అంటాలి, పల్లంలోకి దిగకూడదు. దిగిందంటే స్పాంజిలో తడి ఎక్కువైనట్టు.

7. అతికించడం

కష్టపడి తెచ్చిన టెక్స్చర్ పోయేది ఇక్కడే, అది కూడా పూర్తయిపోయింది అనుకున్నాక. చిక్కటి ఫెవికాల్ దట్టంగా రాస్తే కాగితం తడిసి మెత్తబడి అచ్చు చదునైపోతుంది, పక్కలకి కారినచోట మెరుస్తుంది.

ఒక వంతు మైదాకి ఐదు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, కలుపుతూనే సన్నటి సెగ మీద ఉడికించండి. తెల్లదనం పోయి కాస్త గాజులా అయితే దించండి, చల్లారాక వాడండి. ఆ రోజుది ఆ రోజే, మర్నాటికి పులుస్తుంది. అచ్చు ఉన్న ముక్కలకైతే జిగురు ముక్కకి కాదు, అట్టకి రాయండి, పల్చగా. ఒక నిమిషం ఆగి ముక్కని పెట్టి, అట్టకి ఆనే పల్లాల దగ్గర మాత్రం వేలితో తట్టండి. బరువైన చోట్ల, అంటే పోగులు పరిచిన మందపాటి ముక్కలకి, ఫెవికాల్‌ని కొంచెం నీళ్లతో పల్చన చేసి చుక్కలుగా పెట్టండి.

బరువు పెట్టాలంటే ముక్కకీ పలకకీ మధ్య పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టండి. దుప్పటి మెత్తగా పల్లాల్లోకి కూడా దిగి ఒత్తుతుంది, పలక అయితే గట్లని నలిపేస్తుంది.

మైదాలో మైలుతుత్తం కలిపితే పురుగు రాదని పెద్దవాళ్లు చెబుతారు. నిజమే, కానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో నేను కలపను. జిగురు పల్చగా రాసి పూర్తిగా ఆరనిస్తే పురుగుకి తినడానికి పెద్దగా మిగలదు.

అట్ట వంగిపోతోందని చాలామంది అడిగారు. ఒకవైపే కాగితం అంటించారు కాబట్టి ఆరేటప్పుడు అటే లాగుతుంది. వెనకవైపు కూడా అదే జిగురుతో ఒక మామూలు కాగితం అంటించండి, అదే రోజు, ఆరకముందే. వంగాక అంటిస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు.

8. ఎలా వచ్చిందో చూసుకోవడం

రాత్రి గదిలో లైట్లు ఆర్పి, ఫోను టార్చ్‌ని కొలాజ్ పక్కన, గోడకి దాదాపు ఆనేలా పెట్టండి. ప్రతి గట్టుకీ నీడ పడుతుంది. ఎక్కడా నీడ లేకపోతే అచ్చు చదునైపోయినట్టు. అంతటా ఒకేలా నీడలుంటే అది ఇంకో తప్పు, నేర్చిన పద్ధతులన్నీ ఒకే బొమ్మలో పెట్టేసినట్టు. అప్పుడు చేట అచ్చు కనబడదు, నురగా కనబడదు, గజిబిజి మిగులుతుంది. ఒక బొమ్మకి రెండు రకాలు, మహా అయితే మూడు. నా సముద్రం బొమ్మలో నురగ ఉంది, తాటి బోదె ఉంది, ఇంకేం లేదు, ఆకాశం అంతా అద్దం మీద ఆరిన నున్నటి కాగితమే.

ఎక్కువైందనిపిస్తే పీకకండి. నున్నటి పల్చని కాగితం చింపి పైన అంటించేయండి, కింద ఉన్నది కొంచెం కొంచెం ఉబ్బుతూ కనబడుతుంది, చాలాసార్లు అదే బాగుంటుంది. అంచులు లేచినచోట టూత్‌పిక్‌తో జిగురు పెట్టండి.

ఫ్రేము కట్టించేవాళ్లకి ఒకటి ముందే చెప్పండి: అద్దానికీ కాగితానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండేలా అంచుల్లో చెక్క బద్దలు వేయమని. చెప్పకపోతే అద్దం నొక్కి బిగించేస్తారు. ఇంటికి తెచ్చాక దాన్ని కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి కాకుండా పక్కగోడకి తగిలించండి, పొద్దుటి వెలుతురు ఏటవాలుగా పడుతుంది.